ఒక్క యంత్రంతో ఇంటిల్లిపాదికీ వైద్యమా?

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. నాకు 41 ఏళ్లు. చిత్తూరులో ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. ఎనిమిదేళ్లుగా తలనొప్పితో బాధపడుతున్నాను. తిరుపతిలో న్యూరాలజిస్టు పరీక్షించి మైగ్రేన్ అని చెప్పి, ప్రొప్రనలాల్ మాత్ర రోజూ వాడమన్నారు. కొంత తగ్గింది కానీ నెలలో ఏడెనిమిది రోజులు నొప్పి తప్పడం లేదు. ఆ రోజుల్లోనే కాక, నొప్పి వస్తుందేమోనన్న భయంతో కూడా నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. మెడ, కుడి భుజం ఎప్పుడూ పట్టేసినట్లుంటాయి. ఈమధ్య ఒక సెంటరు వాళ్లు బయోఫీడ్‌బ్యాక్ అనే పద్ధతిలో మందులు లేకుండా నయం చేస్తామని, 30 సిట్టింగులకు 45 వేలు అవుతుందని చెప్పారు. అదే యంత్రంతో మా వారి బీపీ, మా అత్తగారి మలబద్ధకం, చదువు మీద ధ్యాస నిలవని మా తొమ్మిదేళ్ల బాబు సమస్య కూడా తగ్గుతాయని, నలుగురం కలిసి చేరితే రాయితీ ఇస్తామని అన్నారు. నమ్మవచ్చా? ప్రొప్రనలాల్ ఆపేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ప్రొప్రనలాల్‌ను మీ అంతట మీరు ఆపకండి. చాలాకాలంగా వాడుతున్న ఆ మాత్రను ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం, రక్తపోటు హఠాత్తుగా పెరిగే ప్రమాదం ఉంది. మానవలసి వస్తే, రాసిన డాక్టరే మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. బయోఫీడ్‌బ్యాక్ నేర్చుకోవడానికి ఆ మాత్ర అడ్డం కాదు, రెండూ కలిపి సాగించవచ్చు. మీ మందుల చీటీ చూడకుండానే మొదటి రోజే ‘మందులు లేకుండా’ అని హామీ ఇచ్చేవారి దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

ఇక నమ్మవచ్చా అన్న ప్రశ్న. బయోఫీడ్‌బ్యాక్ బూటకం కాదు. కొన్ని జబ్బుల్లో దానికి గట్టి ఆధారాలున్నాయి, మీ తలనొప్పి వాటిలో ఒకటి. చిక్కల్లా ‘అదే యంత్రంతో నలుగురికీ’ అన్న మాట దగ్గరే వస్తోంది. మీ ఇంట్లో నాలుగు బాధలకూ శరీరంలో కొలవవలసిన చోటు వేరు, వాడవలసిన పరికరం వేరు, ఇంతవరకు తేలిన ఫలితాలు కూడా వేరు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ తేడా మీకే అర్థమవుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లకు తంబూర శ్రుతి చెవిలో పడుతుంటే గొంతు ఎక్కడ జారిందో తనకే తెలిసి దిద్దుకుంటుంది; తన గొంతు తనకు వినపడకుండా చేస్తే ఎన్నేళ్లు సాధన చేసినా శ్రుతి కుదరదు. మన శరీరంలో జరిగే చాలా పనుల విషయంలో మనది ఆ వినపడని పరిస్థితే. నుదుటి కండరం ఎంత బిగిసి ఉందో, వేలి కొసకు రక్తం ఎంత చేరుతోందో మనకు తెలియదు. సెన్సార్ ఆ సంగతిని కొలిచి అప్పటికప్పుడు అంకెగానో గీతగానో శబ్దంగానో మన ముందు పెడుతుంది; చూసి దిద్దుకోవలసింది మనమే. కండరాలకు కరెంటు పెట్టే యంత్రాలను కూడా ఇదే పేరుతో చూపించేవారున్నారు కాబట్టి చెబుతున్నాను, బయోఫీడ్‌బ్యాక్ పరికరం కొలుస్తుందే తప్ప వైద్యం చేయదు. 1960లలో అమెరికాలో నీల్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గుండె వేగం లాంటి వాటంతట అవి నడిచే క్రియలను సైతం శిక్షణతో మార్చవచ్చని ఎలుకల మీద చూపించినప్పుడు పెద్ద ఆశలు పుట్టాయి. ఆ ఫలితాలు తర్వాత ఆయన ప్రయోగశాలలోనే మళ్లీ రాలేదు, ఆ సంగతిని ఆయన దాచనూ లేదు. ఈ పద్ధతి నిలబడింది ఎలుకల వల్ల కాదు, ఆ తర్వాత రోగుల మీద జబ్బు జబ్బుకూ విడివిడిగా జరిగిన పరీక్షల వల్ల.

మీ తలనొప్పి సంగతికి వస్తాను. మైగ్రేన్‌కు ఎక్కువగా వాడే పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది: చేతివేళ్లను వెచ్చబరచుకోవడం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో మెనింజర్ ఫౌండేషన్ అనే సంస్థలో ఎల్మర్ గ్రీన్ బృందం చేతి ఉష్ణోగ్రత మీద పరిశీలనలు చేస్తున్నప్పుడు, వాటిలో పాల్గొన్న ఒక మహిళకు మైగ్రేన్ నొప్పి తగ్గడమూ చేతులు వేడెక్కడమూ ఒకేసారి జరగడం కనిపించింది. దాన్ని పట్టుకుని వాళ్లు 1970ల మొదట్లో రోగులకు శిక్షణ ఇవ్వసాగారు. తలలోని రక్తం చేతుల్లోకి మళ్లడం వల్ల నొప్పి తగ్గుతుందని అప్పట్లో అనుకున్నారు కానీ ఆ వివరణ నిలబడలేదు. మనసు ఆందోళనలో ఉన్నప్పుడు సింపథెటిక్ నాడులు వేళ్లలోని సన్నని రక్తనాళాలను బిగిస్తాయి, చేతులు చల్లబడతాయి. ఆ నాడుల ఉద్రేకం తగ్గినప్పుడు వేళ్లు వెచ్చబడతాయి. కాబట్టి వేలి వేడి అనేది మీ నాడీమండలం కాస్త సద్దుమణిగిందని చెప్పే గుర్తు మాత్రమే.

సిట్టింగులో చిటికెన వేలి కొసకు బియ్యపు గింజంత సెన్సార్‌ను టేపుతో అంటిస్తారు. తెర మీద 28.6 డిగ్రీలు అని కనిపిస్తుందనుకోండి. ‘వేడెక్కాలి, వేడెక్కాలి’ అని పట్టుబట్టి కూర్చున్నారంటే అది 28.3కు, ఆ తర్వాత 27.9కు దిగిపోతుంది. మొదటిసారి చాలామందికి ఇదే అనుభవం. నేను శిక్షణ పొందే రోజుల్లో అరగంట కూర్చుని, ఉన్న వేడిలో రెండు డిగ్రీలు పోగొట్టుకుని లేచాను. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ మూడో సిట్టింగులో విసుగుపుట్టి అంకె వంక చూడడమే మానేసి, పొయ్యి మీది నుంచి దించిన రాగి సంకటిని తడిచేత్తో ముద్ద కట్టడం తలచుకుంటూ కళ్లు మూసుకున్నారు. అంకె 29 దాటింది, 31 దాటింది, ఆవిడ కళ్లు తెరిచేసరికి 33.4 దగ్గర నిలబడి ఉంది. గట్టిగా ప్రయత్నిస్తే పారిపోయి, పట్టు వదిలితే దగ్గరికి వచ్చే పని ఇది. ‘టెన్షన్ పడకండి’ అని డాక్టరు నూరుసార్లు చెప్పినా ఒంటికి ఎక్కని ఆ తేడా, అంకె పైకీ కిందికీ కదలడం కళ్లారా చూసినప్పుడు ఎక్కుతుంది. వేలి ఉష్ణోగ్రతను 35 డిగ్రీల దగ్గరికి తెచ్చి కొన్ని నిమిషాలు నిలపగలగడం సాధారణంగా పెట్టుకునే లక్ష్యం.

మీ విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రొప్రనలాల్ వాడేవారిలో కొందరికి చేతులూ కాళ్లూ చల్లగా ఉంటాయి, అది ఆ మందు స్వభావం. మీ మొదటి అంకె మరీ తక్కువగా వచ్చిందని, నరాలు బాగా దెబ్బతిన్నాయని, సిట్టింగులు పెంచాలని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి. గుండె లయలోని హెచ్చుతగ్గులను కొలిచే పద్ధతిలోనూ ఈ మాత్ర కొలతలను మారుస్తుంది. అందువల్ల మీరు ఎక్కడ చేరినా మొదటి రోజే మందుల జాబితా ఇవ్వాలి, వాళ్లు అడగకపోయినా సరే.

మెడ, కుడి భుజం పట్టేస్తున్నాయని రాశారు. మైగ్రేన్ ఉన్నవారికి టెన్షన్ తలనొప్పి కూడా తోడవడం మామూలే. దానికి నుదుటి మీద, మెడ నుంచి భుజానికి దిగే కండరం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, కండరంలో పుట్టే విద్యుత్తును మైక్రోవోల్టులలో కొలుస్తారు. మీ వృత్తిలోనే ఉన్న ఒకావిడను అలా కూర్చోబెట్టి ‘ఇప్పుడు హాయిగా ఉన్నారా’ అని అడిగితే, ‘హాయిగానే ఉన్నానండీ’ అన్నారు. తెర మీద ఎడమ భుజానికి 3, కుడి భుజానికి 14 చూపిస్తోంది. చేతులు రెండూ ఒడిలోనే ఉన్నాయి. అయినా కుడి భుజం ఇంకా బోర్డు మీద రాస్తున్నట్లే చెవి వైపు ఎగబాకి ఉంది, ఆ సంగతి ఆవిడకు తెలియదు. భుజం బిగిసినప్పుడల్లా ఒక సన్నని మోత వినిపించేలా పెట్టాము. మోత ఆగాలంటే ఏం చేయాలో ఆవిడ శరీరం తనంతట తానే వెతుక్కుంది. నాలుగైదు సిట్టింగుల తర్వాత తరగతిలో చాక్‌పీసు కింద పెట్టిన ప్రతిసారీ భుజం దించుకోవడం ఆవిడకు అలవాటైంది. మీకు కూడా వేలి సెన్సార్ ఒక్కటే పెట్టి పంపిస్తే సగం పనే జరిగినట్లు.

ఆధారాల మాట చెబుతాను. 2000లో అమెరికాలో వెలువడిన మైగ్రేన్ మార్గదర్శకాలు, విశ్రాంతి శిక్షణతో కలిపిన ఉష్ణోగ్రత బయోఫీడ్‌బ్యాక్‌ను, కండరాల బయోఫీడ్‌బ్యాక్‌ను నొప్పి రాకుండా నివారించడానికి పరిశీలించదగిన పద్ధతులలో, బలమైన ఆధారాలున్న వాటిగా చేర్చాయి. 2007లో మైగ్రేన్ మీద 55 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో మేలు మధ్యస్థంగా ఉందనీ, అది సగటున 17 నెలల తర్వాత కూడా నిలిచిందనీ తేలింది. మధ్యస్థం అన్న మాటను గమనించండి. నెలలో ఎనిమిది రోజుల నొప్పి నాలుగైదు రోజులకు తగ్గవచ్చు, వచ్చిన నొప్పి తీవ్రత తగ్గవచ్చు. ‘ఇక జన్మలో రాదు’ అని ఎవరూ చెప్పలేరు. తలనొప్పికి సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు, ఇంటి దగ్గర రోజూ పదిహేను ఇరవై నిమిషాల సాధన సరిపోతాయి. ముందే 30 సిట్టింగులకు డబ్బు కట్టించుకోవడానికి వైద్యపరమైన కారణమేదీ నాకు కనిపించడం లేదు. సాధన చేయనివారికి 30 కూడా చాలవనుకోండి, అది వేరే సంగతి.

అయితే ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీరు వేసుకునే నొప్పి మాత్రలను లెక్కపెట్టాలి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పి కోసమే వాడే మాత్రలు) లేదా రెండు మూడు మందులు కలిసిన మాత్రలు 10 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెట్టే స్థితి ఏర్పడవచ్చు. నొప్పి ఏడెనిమిది రోజులే అన్నారు, భయంతో వేసుకునే రోజులు ఎన్నో రాయలేదు. అవి కలిపితే మీరు ఆ గీత దాటి ఉండవచ్చునని నా అనుమానం. దాటి ఉంటే మాత్రలు తగ్గించేంతవరకు బయోఫీడ్‌బ్యాక్ ఫలితం అంతంత మాత్రంగానే ఉంటుంది. నాలుగు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో నొప్పి వచ్చిన రోజు, ఎన్ని గంటలు ఉన్నది, వేసుకున్న మాత్ర, నెలసరి తేదీలు రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఎప్పుడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా నొప్పి వచ్చినా, జ్వరంతోనో కాలో చెయ్యో పట్టు తప్పడంతోనో కలిసి వచ్చినా పుస్తకం పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ అత్తగారి విషయం మీరు ఒక్క ముక్కలో రాశారు కానీ, బయోఫీడ్‌బ్యాక్ వల్ల మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ మేలు పొందగలిగేది ఆవిడే కావచ్చు. మల విసర్జన సమయంలో పొట్ట కండరాలు కిందికి తోస్తుంటే మలద్వారం చుట్టూ ఉన్న కండరాలు సడలాలి. కొందరిలో అవి సడలకపోగా మరింత బిగుసుకుంటాయి. ఒకరు తలుపు నెడుతుంటే లోపల మరొకరు గడియ వేసినట్లుంటుంది. ఇలాంటివారు సంకటి, ఆకుకూరలు ఎంత తిన్నా, రాత్రిపూట ఇసబ్‌గోల్ తాగినా, గంటసేపు ముక్కుతూ కూర్చోవడం, ఇంకా మిగిలిపోయిందన్న భావన, వేలితో సాయం చేసుకోవలసి రావడం తప్పవు. ఈ చివరి సంగతిని ఆడవాళ్లు కూతురికి కూడా చెప్పరు. మానోమెట్రీ అనే పరీక్షలో పలుచని గొట్టాన్ని లోపల పెట్టి కండరాల ఒత్తిడిని కొలుస్తారు. చిన్న బెలూన్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపి దాన్ని బయటికి పంపగలరో లేదో చూస్తారు. దోషం అక్కడే ఉందని తేలితే అదే గొట్టం సాయంతో, తెర మీద తన కండరం బిగువును చూసుకుంటూ, ఎప్పుడు తోయాలో ఎప్పుడు వదలాలో నేర్పిస్తారు. 2006లో ఇటలీలో ఇలాంటి 109 మంది రోగులతో జరిగిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత ఈ శిక్షణ పొందినవారిలో 80 శాతం మందికి, విరేచన మందు వాడినవారిలో 22 శాతం మందికి చెప్పుకోదగిన మేలు కనిపించింది. ఆ శిక్షణ అంతా అయిదు వారపు సిట్టింగులే.

ఇప్పుడు మీరే ఆలోచించండి, వేలికి తగిలించే సెన్సార్‌తో ఆ కండరాన్ని ఎవరు చూడగలరు? పైగా అసలు కారణం కండరమేనా అన్నది ముందు తేలాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతున్నా మలబద్ధకం వస్తుంది. ఈమధ్యనే మొదలైనా, రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా పెద్దపేగు పరీక్ష తర్వాతే మిగతా మాటలు. తిరుపతిలో స్విమ్స్, చిత్తూరుకు దగ్గరలోని వెల్లూరు సీఎంసీ లాంటి పెద్ద ఆసుపత్రుల గ్యాస్ట్రో ఎంటరాలజీ విభాగాలకు ఫోన్ చేసి, మానోమెట్రీ పరీక్షా ఆ తర్వాతి శిక్షణా ఎప్పుడెప్పుడు చేస్తారో, ఆడవాళ్లకు ఆడవాళ్లే శిక్షణ ఇస్తారో లేదో కనుక్కుని బయలుదేరండి. ఆవిడను అడిగేటప్పుడు మీ వారి చేత కాకుండా మీరే, ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

మీ బాబుకు ఆ సెంటరు వాళ్లు చెబుతున్నది మెదడు తరంగాలను కొలిచే న్యూరోఫీడ్‌బ్యాక్ అయి ఉండాలి. దాని పుట్టుక చదువుకు సంబంధించినది కాదు. 1960లలో లాస్ ఏంజెల్స్‌లో బ్యారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పాలు బహుమతిగా ఇస్తూ పిల్లులకు ఒక రకం మెదడు తరంగాన్ని పెంచుకోవడం నేర్పించారు, అక్కడి నుంచి అది మూర్ఛ రోగుల దాకా వచ్చింది. ఏకాగ్రత లోపం గట్టిగా నిర్ధారణ అయిన 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మందితో అమెరికాలో జరిగి 2021లో అచ్చయిన పరీక్షలో, సగానికి పైగా పిల్లలకు అసలు శిక్షణ, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి శిక్షణ 38 సిట్టింగులు ఇచ్చి చూశారు. రెండు జట్ల పిల్లలూ బాగుపడ్డారు, అసలు శిక్షణ వల్ల అదనపు లాభం ఏమీ తేలలేదు. పిల్లవాడిని వారానికి రెండుసార్లు ఒకచోట కూర్చోబెట్టి, ఒక పెద్దమనిషి శ్రద్ధగా మెచ్చుకుంటూ ఉంటే కొంత మార్పు రావడం సహజమే, అందుకు తలకు తీగలు అక్కరలేదు. ముందు వాడి కంటిచూపు, వినికిడి, నిద్ర చూపించండి. ఆ తర్వాత పిల్లల మానసిక వైద్యులను కలవండి.

మీ వారి బీపీకి నెమ్మదిగా ఊపిరి తీసే శిక్షణ కొద్దిపాటి సాయం చేస్తుంది, అంతే. నిమిషానికి ఆరుసార్లు, అంటే నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలడం అందులో ప్రధానం. నిదానంగా చేసే మంత్రజపం, జపమాల ప్రార్థన ఊపిరిని ఇంచుమించు ఇదే వేగానికి తెస్తాయని 2001లో ఇటలీ పరిశోధకులు చూపించారు కాబట్టి, నామజపం అలవాటున్న ఇంట్లో దీనికి వేరే రుసుము కట్టనవసరం లేదు. బీపీ మాత్ర మాత్రం యథాప్రకారం సాగాలి.

ఇక ఆ సెంటరుకు మళ్లీ వెళితే ఏమడగాలో చెబుతాను. నా తలనొప్పికి మీరు కొలిచేది ఏమిటి, వేలి వేడా, కండరమా, నాడి కొట్టుకోవడమా అని అడగండి. ‘శరీరంలోని శక్తి’, ‘మొత్తం ఒత్తిడి’ లాంటి జవాబు వస్తే లేచి రావచ్చు. శిక్షణ ఇచ్చేవారు క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారి నమోదు సంఖ్య అడగడం మీ హక్కు, అందుకు నొచ్చుకునేవారు ఉండకూడదు. ప్రతి సిట్టింగులోనూ కొన్ని నిమిషాలు తెర ఆపి, యంత్రం చూపకుండానే మీరు చేతులు వెచ్చబరచుకోగలుగుతున్నారో లేదో చూస్తారా అన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే పదో తరగతి స్పెషల్ క్లాసులో నొప్పి మొదలైనప్పుడు మీ దగ్గర తెర ఉండదు. నేను తొలిరోజుల్లో పనిచేసిన ఒక క్లినిక్కులో సిట్టింగు మొత్తం తెర ముందే గడిపించేవాళ్లం. అక్కడ గీతలు బ్రహ్మాండంగా వచ్చేవి, ఇంటికి వెళ్లాక తలనొప్పి మామూలే. ఆ తప్పులో నా వంతూ ఉంది.

ఆరు సిట్టింగులకే డబ్బు కడతానని, ఆరో సిట్టింగు నాటికి నోటుపుస్తకంలో నొప్పి రోజులు చూసి కొనసాగించేదీ లేనిదీ చెబుతానని అనండి. ఒప్పుకోకపోతే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు, 32 డిగ్రీల కంటే తక్కువను అది సాధారణంగా చూపదు. తీగ చివర సెన్సార్ ఉండి, గది వేడిని చూపే చిన్న డిజిటల్ థర్మామీటరు తెచ్చుకుని, ఆ కొసను చిటికెన వేలికి టేపుతో, బిగించకుండా, అంటించి, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట రోజూ ఒకే వేళకు ఇరవై నిమిషాలు కూర్చోండి. మొదటి వారం అంకె దిగిపోతే దిగిపోనివ్వండి. మొదలుపెట్టినప్పుడు ఎంత, లేచినప్పుడు ఎంత అన్నది తలనొప్పి రాసే పుస్తకంలోనే పక్కన రాసుకోండి. కుటుంబమంతటికీ కలిపి ఇస్తామన్న ఆ రాయితీని వదిలేసి, పక్కన పెట్టిన 45 వేలలో నుంచి ముందుగా మీ అత్తగారి మానోమెట్రీ పరీక్షకు ఖర్చు పెట్టండి.